లినక్స్‌లో ల్యాప్‌టాప్ డయల్-అప్ మోడెమ్: ఎందుకు మొండికేస్తుంది, ఎలా పనిచేయించాలి

పాత ల్యాప్‌టాప్ పక్కనో వెనకో టెలిఫోన్ వైరు పట్టే చిన్న రంధ్రం ఉంటుంది. విండోస్ ఉన్నంతకాలం అందులో ఫోన్ వైరు పెట్టి నంబరు కొడితే ఇంటర్నెట్ వచ్చేది. అదే ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాక స్క్రీన్ పనిచేస్తుంది, కీబోర్డు పనిచేస్తుంది, మోడెమ్ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది. 1990ల చివరి నుంచి దాదాపు 2010 వరకు లినక్స్ వాడిన వారిలో చాలామందికి ఇది తెలిసిన తలనొప్పే.

మోడెమ్ పాడైపోయిందని చాలామంది అనుకునేవారు. నిజానికి అది పాడవదు. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది సగం మోడెమ్ మాత్రమే. మిగతా సగం విండోస్ డ్రైవర్‌లో ఉంటుంది. విండోస్ తీసేస్తే ఆ సగం కూడా పోతుంది. లినక్స్‌లో మోడెమ్‌ను పనిచేయించడం అంటే పోయిన ఆ సగాన్ని వెతికి తెచ్చి పెట్టడమే.

మోడెమ్ చేసే పని ఏమిటి?

టెలిఫోన్ లైను మనిషి గొంతు కోసం వేసింది. దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉండే శబ్దాలే దాని మీద సరిగ్గా వెళ్తాయి. కంప్యూటర్‌కు తెలిసింది 0, 1 మాత్రమే. ఆ అంకెలను శబ్దంగా మార్చి లైను మీద పంపడం, అవతలి నుంచి వచ్చిన శబ్దాన్ని తిరిగి అంకెలుగా మార్చడం మోడెమ్ పని. నెట్ కలిసేటప్పుడు వినిపించే ఆ కీచుమనే గోల రెండు మోడెమ్‌లు ఒకదాన్నొకటి పలకరించుకుని, ఎంత వేగంతో మాట్లాడుకోవాలో తేల్చుకునే చర్చ.

పూర్తి మోడెమ్‌లో మూడు భాగాలు ఉంటాయి.

మొదటిది, టెలిఫోన్ లైనుకు తగిలే భాగం. ఫోన్ ఎత్తడం, పెట్టేయడం, లైను కరెంటు కంప్యూటర్‌లోకి రాకుండా అడ్డుకోవడం దీని బాధ్యత.

రెండోది, సిగ్నల్ ప్రాసెసర్. అంకెల్ని శబ్దంగా, శబ్దాన్ని అంకెలుగా మార్చే లెక్కలన్నీ ఇక్కడే జరుగుతాయి. అన్నిటికంటే బరువైన పని ఇదే.

మూడోది, కంట్రోలర్. కంప్యూటర్ ఇచ్చే ఆదేశాలను అర్థం చేసుకుని మిగతా భాగాలతో పని చేయిస్తుంది. ఆ ఆదేశాలనే ఏటీ కమాండ్లు అంటారు. 1981లో వచ్చిన హేస్ స్మార్ట్‌మోడెమ్‌తో ఇవి వాడుకలోకి వచ్చి, తర్వాత అన్ని కంపెనీల మోడెమ్‌లకూ ఉమ్మడి భాష అయ్యాయి.

వేగం సంగతికొస్తే, వీ.34 ప్రమాణంతో సెకనుకు 33.6 కిలోబిట్ల వరకు వచ్చింది. 1998లో వీ.90 వచ్చాక డౌన్‌లోడ్ వేగం కాగితం మీద 56 కిలోబిట్లకు చేరింది. 2000లో వచ్చిన వీ.92 అప్‌లోడ్‌ను 48 కిలోబిట్ల వరకు పెంచింది. వాస్తవంలో లైను బాగుంటే సెకనుకు 4, 5 కిలోబైట్లు దిగేవి. 5 మెగాబైట్ల పాట ఒకటి దిగాలంటే 17 నిమిషాలకు తగ్గదు.

సగం మోడెమ్ ఎలా వచ్చింది?

మొదట్లో మోడెమ్‌లన్నీ పూర్తి మోడెమ్‌లే. బయట పెట్టుకునే డబ్బాలో పైన చెప్పిన మూడు భాగాలూ ఉండేవి. సీరియల్ పోర్టుకు తగిలిస్తే ఏ కంప్యూటర్‌తోనైనా పనిచేసేవి. విండోస్ అయినా లినక్స్ అయినా దానికి తేడా లేదు. ఏటీ కమాండ్లు పంపగలిగితే చాలు.

1990ల రెండో సగంలో ప్రాసెసర్లు వేగం పుంజుకున్నాయి. సిగ్నల్ లెక్కలు కంప్యూటర్ ప్రాసెసరే చేసుకోగలిగినప్పుడు మోడెమ్‌లో విడిగా చిప్‌లు ఎందుకని తయారీదారులు ఆలోచించారు. చిప్‌లు తీసేసి ఆ పనిని విండోస్ డ్రైవర్‌కు అప్పగించారు. ఖర్చు తగ్గింది, చోటు కలిసొచ్చింది, కరెంటు మిగిలింది. ల్యాప్‌టాప్‌కు ఈ మూడూ ముఖ్యమే కాబట్టి కొద్ది కాలంలోనే దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలోకీ ఈ రకం వచ్చేసింది.

వీటికి విన్‌మోడెమ్ అన్న పేరు స్థిరపడింది. అసలు అది యూఎస్ రోబోటిక్స్ కంపెనీ ట్రేడ్‌మార్క్. తర్వాత జనం ఆ రకం మోడెమ్‌లన్నిటినీ అదే పేరుతో పిలిచారు. వీటిలోనూ రెండు తరగతులు ఉన్నాయి. కొన్నిటిలో సిగ్నల్ ప్రాసెసర్ ఉంటుంది, కంట్రోలర్ పని మాత్రం డ్రైవర్ చేస్తుంది. మరికొన్నిటిలో రెండూ ఉండవు. లైనుకు తగిలే భాగం ఒక్కటే ఉండి, మిగతాదంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. రెండో రకం దాదాపు సౌండ్ కార్డు లాంటిదే. స్పీకర్‌కు బదులు టెలిఫోన్ లైనుకు తగిలించి ఉంటుంది, అంతే తేడా.

లినక్స్‌కు ఇబ్బంది ఎక్కడ వచ్చింది?

లినక్స్‌ను రాసే వారికి మోడెమ్ లెక్కలు చేతకాక కాదు. సమాచారం చేతికి రాకపోవడమే అసలు ఇబ్బంది. ఏ చిప్‌లో ఏ రిజిస్టర్ ఏ పని చేస్తుందో కంపెనీలు బయటపెట్టలేదు. పైగా వీ.34, వీ.90 లాంటి ప్రమాణాల్లో వాడే పద్ధతుల మీద పేటెంట్లు ఉన్నాయి. టెలిఫోన్ లైనుకు తగిలించే పరికరానికి దేశదేశానా అనుమతులు కావాలి. అందుకే సిగ్నల్ లెక్కలు చేసే కోడ్‌ను కంపెనీలు గుప్పిట విప్పకుండా దాచుకున్నాయి.

కొన్ని కంపెనీలు మధ్యేమార్గం పట్టాయి. అసలు లెక్కలున్న భాగాన్ని చదవడానికి వీల్లేని బైనరీ ఫైలుగా ఇచ్చి, దాన్ని లినక్స్‌కు అతికించే భాగాన్ని మాత్రం సోర్సు కోడ్‌గా ఇచ్చాయి. లినక్స్ కెర్నల్ మారినప్పుడల్లా అతికించే భాగాన్ని మళ్లీ కంపైల్ చేసుకోవాలి. బైనరీ భాగంలో తేడా వస్తే కంపెనీ తప్ప ఎవరూ సరిచేయలేరు. ఇలాంటి మూసి ఉన్న మాడ్యూల్‌ను ఎక్కించినప్పుడు కెర్నల్ తనకు తానే ‘టెయింటెడ్’ అనే ముద్ర వేసుకుంటుంది. అది వైరస్ హెచ్చరిక కాదు. లోపల పరిశీలించడానికి వీల్లేని కోడ్ ఉందని డెవలపర్లకు చెప్పే గుర్తు మాత్రమే.

పూర్తిగా బహిరంగమైన సాఫ్ట్‌వేర్ మోడెమ్ రాసే ప్రయత్నాలూ జరిగాయి. ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్, క్యూఈఎమ్‌యూ సృష్టికర్తగా పేరున్న ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెల్లార్డ్ లిన్‌మోడెమ్ పేరుతో ఒకటి రాశారు. అది సాధ్యమేనని తేలింది కానీ, ఇళ్లలో రోజూ వాడుకునే స్థాయికి రాలేదు.

మొదటి పని: చిప్ పేరు తెలుసుకోవడం

ఇక్కడ చాలామంది పొరపడతారు. ల్యాప్‌టాప్ మీద ఉన్న కంపెనీ పేరు పట్టుకుని డ్రైవర్ వెతుకుతారు. ఆ పేరుతో పని లేదు. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో ఒక విడతలో ఒక మోడెమ్ చిప్, మరో విడతలో మరో చిప్ పెట్టడం మామూలే. కావలసింది చిప్ పేరు.

టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అనే కమాండ్ ఇస్తే లోపలున్న పరికరాల జాబితా వస్తుంది. అందులో మోడెమ్ లేదా కమ్యూనికేషన్ కంట్రోలర్ అన్న వరుస చూడాలి. పేరు స్పష్టంగా లేకపోతే అదే కమాండ్‌కు ‘ఎన్’ ఆప్షన్ చేర్చి ఇవ్వాలి. అప్పుడు పేర్లకు బదులు నంబర్లు వస్తాయి. మొదటి నాలుగు అక్షరాలు తయారీదారు గుర్తు. 11సీ1 అంటే లూసెంట్ లేదా దాని వారసురాలు అగేర్. 14ఎఫ్1 అంటే కొనెక్సంట్. 134డీ అంటే పీసీటెల్. 8086 అంటే ఇంటెల్.

8086 కనిపిస్తే పని ఇంకా మిగిలే ఉందని అర్థం. ఇంటెల్ చిప్‌సెట్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఏసీ'97 మోడెమ్ కంట్రోలర్ అని కనిపిస్తుంది. అది తలుపు మాత్రమే. తలుపు వెనక చిన్న కార్డు మీద కోడెక్ అనే మరో చిప్ ఉంటుంది. ఏ డ్రైవర్ కావాలో చెప్పేది అదే. లినక్స్ సౌండ్ వ్యవస్థ అయిన ఆల్సాలో మోడెమ్ మాడ్యూల్ ఎక్కాక, ప్రాక్ ఫోల్డర్‌లో అసౌండ్ కింద ఉన్న కోడెక్ ఫైల్ చూస్తే గుర్తు తెలుస్తుంది. ఎస్‌ఐఎల్ అని మొదలైతే సిలికాన్ ల్యాబ్స్ కోడెక్, సీఎక్స్‌టీ అని మొదలైతే కొనెక్సంట్ కోడెక్. ఒకదాని డ్రైవర్ రెండోదానికి పనికిరాదు.

ఇదంతా కష్టమనుకునే వారి కోసం లిన్‌మోడెమ్స్ బృందం స్కాన్‌మోడెమ్ అనే చిన్న స్క్రిప్ట్ తయారు చేసింది. దాన్ని నడిపితే చిప్ ఏమిటో, దానికి ఏ డ్రైవర్ సరిపోవచ్చో ఒక ఫైల్‌లో రాసిపెట్టేది.

ఏ చిప్‌కు ఏ డ్రైవర్?

లూసెంట్, అగేర్: వీటిలో పాత తరం చిప్‌లకు సొంత సిగ్నల్ ప్రాసెసర్ ఉండేది. అందుకే సగం మోడెమ్‌లలో ఇవి కాస్త నయం. ఎల్‌టీమోడెమ్ అనే డ్రైవర్ వీటికి సరిపోయేది. ఒక మూసి ఉన్న ఫైలు, దాని చుట్టూ సోర్సు కోడ్, ఇదీ దాని నిర్మాణం. తర్వాత వచ్చిన అగేర్ సాఫ్ట్ మోడెమ్‌లు వేరే కుటుంబం. వాటికి ఈ డ్రైవర్ పనిచేయదు.

కొనెక్సంట్: రెండు కుటుంబాలు. హెచ్‌సీఎఫ్‌లో సిగ్నల్ ప్రాసెసర్ ఉంటుంది, హెచ్‌ఎస్‌ఎఫ్‌లో ఉండదు. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది హెచ్‌ఎస్‌ఎఫ్. వీటి డ్రైవర్లను కెనడాకు చెందిన లినక్సంట్ కంపెనీ ఇచ్చేది. ఉచితంగా దొరికే డ్రైవర్ వేగం 14.4 కిలోబిట్ల దగ్గర ఆగిపోతుంది. పూర్తి వేగం, ఫ్యాక్స్ కావాలంటే డబ్బు కట్టి లైసెన్స్ తీసుకోవాలి. నెట్ మరీ నత్తనడకన నడుస్తోందంటే చాలాసార్లు కారణం లైను కాదు, ఈ పరిమితే.

స్మార్ట్‌లింక్: సిలికాన్ ల్యాబ్స్ కోడెక్ ఉన్న ఏసీ'97 మోడెమ్‌లకు, తర్వాత వచ్చిన హెచ్‌డీఏ రకంలో కొన్నిటికి ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ అనే ప్రోగ్రామ్ సరిపోతుంది. ఇది వెనక నిశ్శబ్దంగా నడుస్తూ సిగ్నల్ లెక్కలన్నీ తానే చేస్తుంది. లైనుతో సంబంధం ఆల్సా మోడెమ్ మాడ్యూల్ చూసుకుంటుంది. ఇంటెల్, ఏటీఐ, వియా చిప్‌సెట్లకు వేర్వేరు మాడ్యూళ్లు ఉన్నాయి. ఎస్‌ఎల్‌మోడెమ్‌డీలోని మూసి ఉన్న భాగం 32 బిట్ల యంత్రాల కోసం చేసింది. 64 బిట్ల లినక్స్ మీద ప్రోగ్రామ్‌ను 32 బిట్ల పద్ధతిలోనే కంపైల్ చేసి, అందుకు తగ్గ లైబ్రరీలు కూడా వేయాలి.

ఐబీఎం ఎమ్‌వేవ్: థింక్‌ప్యాడ్ 600ఇ లాంటి పాత మోడళ్లలో ఉండేది. ఐబీఎం స్వయంగా డ్రైవర్ ఇచ్చింది, అది కెర్నల్‌లోనే చేరింది.

పీసీటెల్, మోటరోలా ఎస్‌ఎమ్56 లాంటి చిప్‌లకు డ్రైవర్లు వచ్చినా కొన్ని పాత కెర్నల్‌లకే పరిమితమయ్యాయి. కొత్త లినక్స్‌తో వీటిని నమ్ముకోవడం వృథా ప్రయాస.

వైఫై కార్డులకు విండోస్ డ్రైవర్‌ను లినక్స్‌లో నడిపించే ఎన్‌డీఐఎస్‌రాపర్ అనే కిటుకు ఒకటి ఉంది. అది మోడెమ్‌లకు పనికిరాదు.

డ్రైవర్ ఎక్కించడం

ఇక్కడ ఒక విచిత్రమైన చిక్కు ఉంది. డ్రైవర్ ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. గుడ్డు ముందా కోడి ముందా అన్నట్టే. 2004 అక్టోబర్‌లో మొదలైన ఉబుంటు, అడిగిన వారికి సీడీలను ఉచితంగా పోస్టులో పంపేది. సీడీ ఇంటికి వచ్చేది, లినక్స్ ఎక్కేది, కానీ మోడెమ్ పలకక నెట్ ఉండేది కాదు. అప్పుడు ఇంటర్నెట్ కేఫ్‌కు వెళ్లి డ్రైవర్‌ను ఫ్లాపీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఎక్కించుకుని రావడం తప్ప మార్గం లేదు.

అలా వెళ్లేటప్పుడు చేతిలో ఒక చీటీ ఉండాలి. అందులో నాలుగు విషయాలు రాసుకోవాలి: చిప్ గుర్తు, కోడెక్ పేరు, లినక్స్ పేరు–వెర్షన్, కెర్నల్ వెర్షన్. యూనేమ్ కమాండ్‌కు ‘ఆర్’ ఆప్షన్ చేర్చి ఇస్తే కెర్నల్ వెర్షన్ వస్తుంది. అందులో ఒక్క అంకె తేడా ఉన్నా డ్రైవర్ ఎక్కదు. కాబట్టి పూర్తిగా, చుక్కలు గీతలతో సహా రాసుకోవాలి.

డ్రైవర్‌తో పాటు జీసీసీ కంపైలర్, మేక్ ప్రోగ్రామ్, నడుస్తున్న కెర్నల్‌కు సరిపోయే హెడర్ ఫైళ్లు కావాలి. వీటిలో ఒకటి మరచిపోతే కేఫ్‌కు మళ్లీ ప్రయాణమే. అన్నీ ఉంటే ఫైలు విప్పి, మేక్ ఇచ్చి, తర్వాత అడ్మిన్ హోదాలో మేక్ ఇన్‌స్టాల్ ఇస్తే చాలావరకు పని అయిపోతుంది. మాడ్యూల్ ఎక్కిందో లేదో ఎల్‌ఎస్‌మోడ్ చెబుతుంది. ఎక్కకపోతే కారణం డీమెస్గ్ చివరి వరుసల్లో ఉంటుంది.

ఒక జాగ్రత్త ఉంది. అంతా బాగా నడుస్తుండగా సిస్టమ్ అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వస్తే మోడెమ్ మళ్లీ మూగబోతుంది. డ్రైవర్ పాత కెర్నల్ కోసం చేసింది కదా. అందుకని మోడెమ్ ఒక్కటే నెట్‌కు దిక్కు అయిన ఇంట్లో, పాత కెర్నల్‌ను తీసేయకుండా ఉంచుకోవాలి. కొత్త హెడర్ ఫైళ్లు ముందే దించుకున్నాకే కొత్త కెర్నల్‌లోకి వెళ్లాలి.

పోర్టు, అనుమతి, పరీక్ష

లినక్స్‌లో ప్రతి పరికరానికీ డెవ్ ఫోల్డర్‌లో ఒక పేరు ఉంటుంది. విండోస్‌లో కామ్1 అనేది ఇక్కడ టీటీవైఎస్0, కామ్2 అనేది టీటీవైఎస్1. యూఎస్‌బీ మోడెమ్ అయితే టీటీవైఏసీఎమ్0. స్మార్ట్‌లింక్ అయితే టీటీవైఎస్‌ఎల్0. చాలా డయలర్ ప్రోగ్రామ్‌లు ‘మోడెమ్’ అనే పేరు కోసం వెతుకుతాయి. అసలు పోర్టుకు ఆ పేరుతో ఒక లింకు పెడితే సరిపోతుంది.

పోర్టు ఉన్నా తెరవడానికి అనుమతి లేకపోవడం మరో సాధారణ సమస్య. డెబియన్, ఉబుంటులలో వినియోగదారుడు డయల్‌అవుట్ గ్రూపులో ఉండాలి. గ్రూపులో చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే అది అమల్లోకి వస్తుంది. ఇది తెలియక చాలామంది ప్రతిసారీ రూట్‌గా డయల్ చేస్తుంటారు. అది మంచి అలవాటు కాదు.

నంబరు కొట్టే ముందు మోడెమ్‌ను విడిగా పరీక్షించాలి. మినీకామ్ అనే ప్రోగ్రామ్‌లో ఆ పోర్టు తెరిచి ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఓకే అని జవాబు రావాలి. ఓకే వచ్చిందంటే డ్రైవర్ వరకు అంతా సవ్యమే. ఇక ఆ వైపు చూడనక్కర్లేదు. రాలేదంటే డయలర్ సెట్టింగ్‌లు ఎన్ని మార్చినా లాభం లేదు, తిరిగి డ్రైవర్ దగ్గరికే వెళ్లాలి. ఈ ఒక్క పరీక్షతో గంటల తరబడి వెతుకులాట తప్పుతుంది.

డయల్ చేయడం

నెట్‌కు కలిపే అసలు ప్రోగ్రామ్ పీపీపీడీ. దాన్ని సులువుగా నడిపించడానికి డబ్ల్యూవీడయల్, కేడీఈ వారికి కేపీపీపీ, గ్నోమ్ వారికి గ్నోమ్-పీపీపీ ఉన్నాయి. డబ్ల్యూవీడయల్‌కు ఒకే ఒక సెట్టింగ్ ఫైలు. అందులో రాయవలసినవి ఇవి: మోడెమ్ పోర్టు పేరు, పోర్టు వేగం 115200, మొదటి ఆదేశంగా ఏటీజెడ్, ప్రొవైడర్ ఫోన్ నంబరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్.

సాఫ్ట్ మోడెమ్‌లకు మరో వరుస కావాలి. క్యారియర్ చెక్ అనే చోట ‘నో’ అని రాయాలి. స్మార్ట్‌లింక్ ఇచ్చేది నిజమైన సీరియల్ పోర్టు కాదు కాబట్టి లైను మీద క్యారియర్ ఉందన్న సంకేతం దాని నుంచి రాదు. ఈ వరుస లేకపోతే కనెక్ట్ అయిన వెంటనే డబ్ల్యూవీడయల్ లైను తెగిందనుకుని ఫోన్ పెట్టేస్తుంది. అవతలి సర్వర్ లాగిన్ ప్రశ్నలు అడగకుండా నేరుగా పీపీపీ మొదలుపెట్టే రకమైతే స్టుపిడ్ మోడ్ అనే చోట ‘ఎస్’ అని రాయాలి. పేరు వింతగా ఉన్నా చాలాచోట్ల పని జరిపించేది అదే.

స్మార్ట్‌లింక్ వాడేవారు దేశం పేరు కూడా ఇవ్వాలి. దేశాన్ని బట్టి డయల్ టోన్, రింగు పద్ధతులు మారతాయి. అమెరికా సెట్టింగ్‌తో వచ్చిన మోడెమ్ ఇక్కడి టోన్‌ను గుర్తుపట్టకపోవచ్చు.

ఫోన్ లైను తంటాలు

మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టింది. 1998లో ప్రైవేటు కంపెనీలకు అనుమతి వచ్చింది. 2000 అక్టోబర్‌లో ఏర్పడిన బీఎస్‌ఎన్‌ఎల్ ల్యాండ్‌లైన్లతో పాటే డయల్-అప్ నెట్ కూడా ఇచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే లైను. నెట్ కలిసి ఉన్నంతసేపు గల్ఫ్ నుంచి ఇంటికి ఫోన్ చేసేవారికి ఎంగేజ్ టోనే వినిపించేది. కాబట్టి ఎక్కడ తేడా ఉందో త్వరగా కనిపెట్టడం డబ్బుకే కాదు, ఇంటి ప్రశాంతతకూ అవసరమే.

మోడెమ్ ఇచ్చే జవాబును బట్టి లోపం తెలుస్తుంది.

నో డయల్‌టోన్: ముందు వైరు చూడాలి. లైను మంచిదే అయితే, ఎక్స్‌ఛేంజ్ టోన్‌ను మోడెమ్ గుర్తుపట్టడం లేదని అర్థం. ఏటీఎక్స్3 అనే ఆదేశం చేరిస్తే టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది.

టోన్ ఉన్నా నంబరు పడకపోతే: పాత ఎక్స్‌ఛేంజ్‌లలో టోన్ డయలింగ్ ఉండేది కాదు. ఏటీడీటీ బదులు ఏటీడీపీ వాడితే పల్స్ పద్ధతిలో టకటకమని డయల్ అవుతుంది.

బిజీ: ప్రొవైడర్ లైన్లు నిండిపోయాయి. కాసేపాగి ప్రయత్నించడమే.

నో క్యారియర్: అవతల ఎత్తారు కానీ రెండు మోడెమ్‌లకు పొంతన కుదరలేదు. లైనులో గరగర ఉంటే ఇలా జరుగుతుంది. వేగాన్ని తగ్గించి వీ.34కు పరిమితం చేస్తే నిలకడగా కలుస్తుంది. 33.6తో గంటసేపు నిలిచే లైను, 50తో కలిసి ఐదు నిమిషాలకు తెగే లైను కంటే మేలు.

మధ్యలో తెగిపోవడం: కాల్ వెయిటింగ్ బీప్ ఒక కారణం, ఆ సౌకర్యం ఆపించుకోవాలి. అదే లైను మీద మరో గదిలో ఎవరైనా ఫోన్ ఎత్తడం ఇంకో కారణం. సాఫ్ట్ మోడెమ్ అయితే మూడోదీ ఉంది. సిగ్నల్ లెక్కలు ప్రాసెసరే చేయాలి కాబట్టి వీడియో చూస్తూ, పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ ఉంటే దానికి తీరిక దొరక్క లైను తెగుతుంది.

ఆఫీసులో అయితే బయటి లైను కోసం ముందు 0 కొట్టి, తర్వాత కామా పెట్టాలి. కామా అంటే కాస్త ఆగమని అర్థం. ఆఫీసుల్లోని డిజిటల్ ఎక్స్‌టెన్షన్ లైనుకు మాత్రం ల్యాప్‌టాప్ మోడెమ్‌ను తగిలించకూడదు. అందులోని కరెంటు మోడెమ్‌ను కాల్చేయగలదు. వానాకాలంలో ఉరుములు మెరుపులు మొదలైతే పవర్ వైరుతో పాటు ఫోన్ వైరూ తీసేయాలి. ఫోన్ వైరు మీదుగా వచ్చే పిడుగుపాటుకు మోడెమ్‌తో ఆగకుండా మదర్‌బోర్డు కూడా పోవచ్చు.

కలిసింది కానీ పేజీ తెరుచుకోదు

కనెక్ట్ అని వచ్చింది, ఐపీ అడ్రస్ వచ్చింది, అయినా బ్రౌజర్‌లో ఏమీ రాదు. ఇప్పుడు లోపం మోడెమ్‌ది కాదు. ముందు ఏదైనా ఐపీ అడ్రస్‌కు పింగ్ ఇచ్చి చూడాలి. అది పనిచేసి, వెబ్‌సైట్ పేరుతో ఇచ్చిన పింగ్ పనిచేయకపోతే డీఎన్‌ఎస్ లోపం. పీపీపీడీకి యూజ్‌పీర్‌డీఎన్‌ఎస్ అనే ఆప్షన్ ఇస్తే ప్రొవైడర్ ఇచ్చే సర్వర్లను తీసుకుంటుంది.

ఐపీకి కూడా పింగ్ వెళ్లకపోతే దారి తప్పుగా ఉందన్నమాట. నెట్‌వర్క్ కేబుల్ పోర్టుకు ముందే ఒక డిఫాల్ట్ రూట్ ఉంటే పీపీపీడీ దాన్ని మార్చదు. డేటా అంతా ఖాళీ పోర్టు వైపే వెళ్తుంటుంది. ఆ పాత రూట్ తీసేసి మళ్లీ డయల్ చేస్తే సరి. పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతుంటే ప్యాప్-సీక్రెట్స్, చాప్-సీక్రెట్స్ ఫైళ్లలో పేరు సరిగ్గా ఉందో లేదో చూడాలి.

లోపలి మోడెమ్ లొంగకపోతే

రెండు మూడు రోజులు ప్రయత్నించినా ఓకే అన్న జవాబు రాకపోతే దాని మీద ఇంకా కాలం ఖర్చు పెట్టడం అనవసరం. మూడు మార్గాలు ఉన్నాయి. సీరియల్ పోర్టుకు తగిలే బయటి మోడెమ్ దాదాపు ఎప్పుడూ పూర్తి మోడెమే, డ్రైవర్ అవసరం లేదు. 16 బిట్ల పీసీఎంసీఐఏ మోడెమ్ కార్డుల్లోనూ చాలావరకు పూర్తి కంట్రోలర్ ఉంటుంది, సీరియల్ పోర్టులాగే పనిచేస్తాయి. యూఎస్‌బీ మోడెమ్‌లలో సీడీసీ-ఏసీఎమ్ ప్రమాణం పాటించేవాటిని లినక్స్ వెంటనే గుర్తుపడుతుంది. యూఎస్‌బీకి తగిలినంత మాత్రాన పూర్తి మోడెమ్ అనుకోకూడదు, వాటిలోనూ సగం మోడెమ్‌లు ఉన్నాయి. డబ్బా మీద ‘విండోస్ తప్పనిసరి’ అని రాసి ఉంటే అది హెచ్చరికే.

తర్వాతి రోజుల్లో

డయల్-అప్ రోజులు గడిచిపోయాయి. అమెరికాలో కోట్లమందిని నెట్‌కు కలిపిన ఏఓఎల్ కూడా 2025 సెప్టెంబర్ 30న తన డయల్-అప్ సేవను మూసేసింది. అయినా ఈ విద్య వృథా పోలేదు. తర్వాత వచ్చిన యూఎస్‌బీ డేటా డాంగిల్‌లు కూడా లినక్స్‌కు మోడెమ్‌లే. 3జీ డాంగిల్‌కు *99#, సీడీఎంఏ డాంగిల్‌కు #777 డయల్ చేయాలి. అవే ఏటీ కమాండ్లు, అదే డబ్ల్యూవీడయల్, అదే పీపీపీడీ. పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0గా మారింది, అంతే. డాంగిల్ మొదట సీడీ డ్రైవ్‌లా కనిపించి మొండికేస్తే, దాన్ని మోడెమ్‌గా మార్చడానికి యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రామ్ వచ్చింది.

సగం మోడెమ్ నేర్పిన పాఠం మాత్రం ఇంకా పాతబడలేదు. డబ్బు పెట్టి కొన్న వస్తువులో సగం కంపెనీ దాచుకున్న డ్రైవర్‌లో ఉంటే, కంపెనీ మూతబడిన రోజున, లేదా ఆ డ్రైవర్‌ను వదిలేసిన రోజున, చెక్కుచెదరని వస్తువు కూడా చెత్తే అవుతుంది. ప్రింటర్, స్కానర్, వైఫై కార్డు, వేలిముద్ర రీడర్, ఏదైనా ఇంతే. ముఖ్యంగా పిల్లల చదువుకు పాత ల్యాప్‌టాప్ కొని లినక్స్ వేయాలనుకునే కుటుంబాలు, డబ్బు ఇవ్వకముందే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో ఆ ల్యాప్‌టాప్‌ను ఒకసారి తెరిచి చూడాలి. వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాతే బేరం.